మనుషులు దొరకడం లేదంటారు, జీతాలు మాత్రం పెరగవు

భారత ఆర్థిక వ్యవస్థ గురించి కొన్నేళ్లుగా రెండు ఫిర్యాదులు పక్కపక్కనే వినబడుతున్నాయి. పనికి తగ్గ మనుషులు దొరకడం లేదని యజమానులు అంటారు. చదువుకు తగ్గ పని దొరకడం లేదని యువత అంటుంది. 2024లో ఎల్ అండ్ టీ తన ప్రాజెక్టుల్లో 25 వేల నుంచి 30 వేల మంది కార్మికుల కొరత ఉందని చెప్పింది. అదే ఏడాది మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్ సిబ్బంది దాదాపు 26 వేలు తగ్గారు. ఆ సంవత్సరానికి దేశ వృద్ధి రేటు 8.2 శాతమని ప్రభుత్వం 2024 మేలో తాత్కాలిక అంచనాల్లో ప్రకటించింది. వృద్ధి ఉంది, ఖాళీలు ఉన్నాయి, ఖాళీగా ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇలాంటి ఆర్థిక వ్యవస్థను ఆరోగ్యంగా ఉన్నదనాలా, వద్దా?

దీనికి జవాబు వెతికేవాళ్లు ముందుగా నిరుద్యోగ రేటు దగ్గరికి వెళతారు. తొందరపడి తీర్పు చెప్పే పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే.

3.2 శాతం వెనక ఏముంది

2017లో మొదలైన శ్రామికశక్తి సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్ ప్రకారం, నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం. 2023-24కి అది 3.2 శాతానికి తగ్గింది. పైకి చూస్తే చాలా సంపన్న దేశాలకు కూడా లేనంత మంచి సంఖ్య. కానీ ఈ లెక్క ఎలా వస్తుందో చూడాలి. ఏడాదిలో ఎక్కువ కాలం పని చేసినవాళ్లనే కాదు, కనీసం 30 రోజులు ఏదో ఒక పని చేసినవాళ్లను కూడా పనిలో ఉన్నట్టే రాసుకుంటారు. వారం లెక్క మరొకటి ఉంది. అందులో గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఆ మనిషి ఉపాధి పొందినట్టే. 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా విడుదలవుతున్న సంఖ్యలు ఈ వారం లెక్కవే. అందుకే అవి 5 శాతానికి అటూ ఇటూగా కనిపిస్తాయి. వార్తల్లో ఈ రెండు లెక్కలనూ కలిపేసి, నిరుద్యోగం ఉన్నట్టుండి పెరిగిందనో తగ్గిందనో రాసేస్తుంటారు. ఒక లెక్కను దాని పాత సంఖ్యతోనే పోల్చాలి.

కొలిచే పద్ధతిలో మోసమేమీ లేదు, వారం లెక్క అంతర్జాతీయ పద్ధతికి దగ్గరిదే. చిక్కంతా మన దగ్గరి పేదరికంతో వస్తుంది. నిరుద్యోగ భృతి లేని దేశంలో పేదవాడు నిరుద్యోగిగా ఉండలేడు. ఏదో ఒకటి చేయాల్సిందే. 2023-24 సర్వేలో చదువు రానివాళ్లలో నిరుద్యోగం 0.2 శాతం, పదో తరగతి ఆపైన చదివినవాళ్లలో 6.5 శాతం. చదువు లేనివాళ్లకు ఉద్యోగాలు వెల్లువెత్తుతున్నాయని దీనికి అర్థం కాదు. ఇంట్లో నాలుగు గింజలున్న కుటుంబం మాత్రమే కొడుకునో కూతురినో రెండేళ్లపాటు పోటీ పరీక్షలకు చదివించగలదు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ కనిపించే యువత ఈ లెక్కలో నిరుద్యోగులు. వాళ్ల ఊళ్లో నాన్న పొలంలో సాయం చేస్తున్న తమ్ముడు మాత్రం ఉపాధి ఉన్నవాడు.

అందుకే రేటుకంటే ముందు చూడాల్సింది ఎవరు ఏ పనిలో ఉన్నారన్నది. పనిచేసేవాళ్లలో స్వయం ఉపాధి వాటా 2017-18లో 52.2 శాతం ఉంటే 2023-24కి 58.4 శాతమైంది. నెల జీతం ఉన్నవాళ్ల వాటా 22.8 నుంచి 21.7కు జారింది. వ్యవసాయం మీద ఆధారపడ్డవాళ్లు 2018-19లో 42.5 శాతానికి తగ్గి, కోవిడ్ తర్వాత మళ్లీ పెరిగి, 2023-24లో 46.1 శాతం దగ్గర ఉన్నారు. దేశ ఉత్పత్తిలో వ్యవసాయం వాటా ఐదో వంతు కూడా లేదు. తయారీ రంగంలో ఉన్నవాళ్లు 11.4 శాతమే. ఎదుగుతున్న దేశాల్లో జనం పొలం నుంచి ఫ్యాక్టరీకి, దుకాణానికి, ఆఫీసుకు వెళతారు. ఇక్కడ వెళ్లినవాళ్లలో చాలామంది 2020లో తిరిగొచ్చారు, మళ్లీ పూర్తిగా వెనక్కి వెళ్లలేదు.

ఆడవాళ్ల లెక్క మరీ జాగ్రత్తగా చదవాలి. శ్రామికశక్తిలో మహిళల భాగస్వామ్యం 23.3 శాతం నుంచి 41.7 శాతానికి పెరిగింది. ఆరేళ్లలో ఇది చాలా పెద్ద మార్పు, మంచి వార్తే కావచ్చు కూడా. అయితే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పల్లెల్లో, సొంత పనుల్లో వచ్చింది. పనిచేస్తున్న మహిళల్లో మూడో వంతుకు పైగా ఇంటి పొలంలోనో దుకాణంలోనో కూలి లేకుండా చేస్తున్నవాళ్లే. చేస్తున్నది పనే, అందులో సందేహం లేదు. ఆదాయం మాత్రం వాళ్ల చేతికి రాదు.

కొరత నిజమైతే ఎక్కడ కనబడాలి

సరుకు కొరత ఉందంటే ధర పెరగాలి. శ్రమకు ధర అంటే జీతం, కూలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం గందరగోళం తొలగిపోతుంది. 2022 మార్చిలో అమెరికాలో దాదాపు 1.2 కోట్ల ఖాళీలుంటే నిరుద్యోగులు 60 లక్షల మందే. ఒక్కో నిరుద్యోగికి రెండు ఖాళీలన్నమాట. హోటళ్లు, గిడ్డంగులు చేరినందుకే బోనస్ ఇచ్చాయి, డిగ్రీ అక్కర్లేదన్నాయి, అనుభవం లేకపోయినా తీసుకుని పని నేర్పాయి. అట్టడుగు జీతాలు మిగతావాటికంటే వేగంగా పెరిగాయి. అసలైన కొరత గుర్తులు ఇవి: ధర పెరుగుతుంది, షరతులు సడలుతాయి, శిక్షణ ఖర్చు యజమాని తలకెత్తుకుంటాడు.

ఇప్పుడు మన దగ్గర ఏం జరిగిందో చూడాలి. కేంద్ర ప్రభుత్వపు 2024-25 ఆర్థిక సర్వే స్వయంగా ఇచ్చిన లెక్క ఇది. ధరల పెరుగుదలను తీసివేస్తే, జీతం ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్ల సగటు నెల ఆదాయం 2017-18లో 12,665 రూపాయలు, 2023-24లో 11,858 రూపాయలు. స్వయం ఉపాధిలో ఉన్న మగవాళ్లది 9,454 నుంచి 8,591కి పడిపోయింది. కూలీలది మాత్రం రోజుకు 205 నుంచి 242 రూపాయలకు పెరిగింది. ఇవి పాత ధరల్లోకి మార్చిన సంఖ్యలు, చేతికి అందే రూపాయలు ఇంతకంటే చాలా ఎక్కువే. చూడాల్సింది వాటి దిశను.

ఈ మూడు వరుసల్లో చాలా సంగతి ఉంది. కూలీల కొరత ఉందన్నచోట కూలి నిజంగానే పెరిగింది. కరీంనగర్, సిద్దిపేట జిల్లాల్లో నాట్లకు బిహార్, బెంగాల్ నుంచి మగకూలీల ముఠాలు వస్తున్నాయంటే అక్కడ స్థానికంగా మనుషులు చాలడం లేదన్న మాట నిజం. నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకడం లేదని ఎక్కువగా వినిపించే జీతం ఉద్యోగాల్లో మాత్రం ఆదాయం తగ్గింది. పోనీ కంపెనీలకు ఇచ్చే స్తోమత లేదా అంటే అదీ కాదు. స్టాక్ మార్కెట్లోని 500 పెద్ద కంపెనీల (నిఫ్టీ 500) లాభాలు 2023-24లో దేశ ఉత్పత్తిలో 4.8 శాతానికి చేరి పదిహేనేళ్ల గరిష్ఠానికి వచ్చాయని, కంపెనీల్లో ఉద్యోగాలు మాత్రం 1.5 శాతమే పెరిగాయని అదే సర్వే చెప్పింది.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. కొత్తగా చేరేవాళ్లు తక్కువ జీతానికి చేరతారు కాబట్టి, ఉద్యోగాలు పెరిగినప్పుడు సగటు కొంత పడుతుంది. ఇది కొంతవరకు నిజం. కానీ మొత్తం కార్మికుల్లో జీతగాళ్ల వాటా పెరగలేదు, తగ్గింది. పైగా ఐటీ లాంటి రంగంలో, కొత్తగా చేరే ఇంజినీరు జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. అది సగటు వల్ల వచ్చిన భ్రమ కాదు, ఒకే మెట్టు మీద ఒకే ధర. ఈ మధ్యలో ఇంటద్దెలు, కాలేజీ ఫీజులు ఎంత పెరిగాయో హైదరాబాదులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

కాబట్టి కొరత అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయి. కొన్నిచోట్ల నిజంగా మనుషుల్లేరు. కొన్నిచోట్ల ఇస్తామన్న జీతానికి మనుషుల్లేరు. ఇంకొన్నిచోట్ల మనుషులున్నారు, పని నేర్పేవాళ్లు లేరు. మూడింటికీ మందు ఒకటి కాదు. శిక్షణ పథకం పెడితే రెండోది తీరదు, జీతం పెంచితే మూడోది వెంటనే తీరదు.

ఒక వెల్డర్ తయారవ్వాలంటే

మూడో రకం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి వెల్డింగ్ మంచి ఉదాహరణ. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కోర్సులైతే రెండేళ్లు. రిఫైనరీ, విద్యుత్ కేంద్రం, ఓడల తయారీ పనుల్లో ప్రెషర్ పైపులు అతికే వెల్డర్‌ను 6జీ పరీక్ష పాసయ్యావా అని అడుగుతారు. ఆ పరీక్షలో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ కింద నుంచి, పక్క నుంచి, పై నుంచి అతకాలి. సాధారణంగా లోపలి మొదటి పొర ఆర్గాన్ గ్యాస్‌తో టిగ్ పద్ధతిలో వేసి, పై పొరలు ఎలక్ట్రోడ్‌తో నింపుతారు. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. మొదటి పొర లోపలిదాకా కరిగి పట్టకపోయినా, మధ్యలో మడ్డి మిగిలినా, బుడగలున్నా ఫెయిల్.

ఐటీఐ ఏడాదిలో ఎక్కువ సాధన జరిగేది బల్ల మీద పెట్టిన ఇనుప పలకల మీద. పైపు ముక్కలు కోసి, అంచులు చెక్కి, ఆర్గాన్ సిలిండరు, టిగ్ తీగ, మంచి రకం ఎలక్ట్రోడ్లు పెట్టి ఒక్కో విద్యార్థి చేత పదుల సంఖ్యలో అతుకులు వేయిస్తే తప్ప 6జీకి చెయ్యి తిరగదు. సామగ్రికి వచ్చే నిధులు అంతకు చాలవు. తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లను వాడే ముందు ఓవెన్‌లో వేడిచేసి తేమ పోగొట్టాలి, లేకపోతే అతుకులో బుడగలు, పగుళ్లు వస్తాయి. ఓవెన్ లేని వర్క్‌షాపులో చదివిన పిల్లాడికి ఈ సంగతి పుస్తకంలో మాత్రమే తెలుస్తుంది. బోధకుల పోస్టులు ఖాళీగా ఉన్నచోట అదీ తెలియదు.

అలా బయటికొచ్చిన కుర్రాడు పనికి వెళితే రెండు మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ మొదటి రెండేళ్లు ఎవరిస్తారు? పెద్ద కంపెనీ నేరుగా తీసుకోదు, పనిని కాంట్రాక్టరుకు ఇస్తుంది. అతను మనుషుల్ని సరఫరా చేసే మరో కాంట్రాక్టరుకు అప్పగిస్తాడు. షట్‌డౌన్ పని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతు, నాలుగైదు వారాల్లోనో నెలల్లోనో ముగుస్తుంది. అంత తక్కువ కాలం ఉండే మనిషికి శిక్షణ ఇవ్వడం ఆ కాంట్రాక్టరుకు గిట్టుబాటు కాదు. దేశంలోని ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్ల వాటా 40 శాతం దాటింది. ఈ పద్ధతిలో కంపెనీకి ఖర్చు తగ్గిన మాట నిజం. నైపుణ్యం పెరిగే దారి కూడా దాంతోనే మూసుకుపోయింది. కంపెనీ పెంచి ఇచ్చిన రేటు మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులు దాటి వస్తుంది కాబట్టి, కొరత ఉన్నా వెల్డర్ చేతికి అందే కూలి ఆ మేరకు పెరగదు. పని బాగా వచ్చినవాడు గల్ఫ్ వీసా తెచ్చుకుని వెళ్లిపోతాడు. నిజామాబాద్, కరీంనగర్ నుంచి దశాబ్దాలుగా జరుగుతున్నది ఇదే. కొరత లేదని కాదు, ఇక్కడి ధరకు కొరత.

నేర్పినవాడు నష్టపోకుండా

శిక్షణ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడటానికి ఇంకో కారణం ఉంది. నేర్పిన మనిషిని పక్క కంపెనీ వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి లాక్కుంటుంది. అందరూ అలాగే ఆలోచిస్తే ఎవరూ నేర్పరు. దీన్ని ఒక్క కంపెనీ పరిష్కరించలేదు, అందరికీ కలిపి వర్తించే నియమం ఉండాలి.

జర్మనీ ఆ నియమం పెట్టుకుంది. అక్కడ వృత్తి శిక్షణ రెండు నుంచి మూడున్నర ఏళ్లు. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు వృత్తి పాఠశాల. చివరి పరీక్ష పెట్టేది కంపెనీ కాదు, వాణిజ్య మండలి. సంస్థలు ఆ మండలిలో సభ్యత్వం తీసుకోవడం తప్పనిసరి. శిక్షణలో చేరినవాళ్లకు చట్టప్రకారం కనీస వేతనం ఉంది, 2025లో చేరినవాళ్లకు మొదటి ఏడాది నెలకు 682 యూరోలు. ఒక కంపెనీ నేర్పిన పనిని దేశంలో అందరూ గుర్తిస్తారు.

మన అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019 నిబంధనల ప్రకారం 30 మందీ అంతకు మించీ ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కనీస స్టైపెండ్‌ను చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలుగా పెట్టారు. దాన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్ మండలి 2025లో సిఫారసు చేసింది. 2016లో వచ్చిన ప్రోత్సాహక పథకంలో ప్రభుత్వం స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా 1,500 రూపాయలు భరిస్తుంది. కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో రెండు చోట్ల దెబ్బతింటోంది. వేరే ఊరి నుంచి నగరానికి వచ్చిన పిల్లాడికి ఆ డబ్బు హాస్టలుకీ భోజనానికే సరిపోతుంది, ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. దానికంటే డెలివరీ బండి నడిపితే ఈ నెలలోనే ఎక్కువొస్తుంది, వెళ్లిపోతాడు. రెండోది, పని నేర్పడానికి కాకుండా తక్కువ ఖర్చుకు మనిషి దొరికాడని లైనులో నిలబెట్టే సంస్థలున్నాయి. ఏడాది పొడవునా ఒకే మెషీన్ మీద ఒకే బటన్ నొక్కిన అప్రెంటిస్ దగ్గర సర్టిఫికెట్ ఉంటుంది, పనితనం ఉండదు. తర్వాతి యజమాని ఆ సర్టిఫికెట్‌ను నమ్మడం మానేస్తాడు. అప్పుడు నిజంగా నేర్చుకున్నవాడి సర్టిఫికెట్ విలువ కూడా పడిపోతుంది.

జర్మనీని ఆదర్శంగా చూపి వదిలేయడం మాత్రం సరికాదు. ఇంత మంచి శిక్షణ ఉన్న ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ 2023, 2024 రెండేళ్లూ కుదించుకుపోయింది. అయినా నర్సులు, ఎలక్ట్రీషియన్లు దొరకడం లేదని అక్కడి యజమానుల గోల ఆగలేదు. అక్కడి కారణం వేరు, 1960ల్లో పుట్టిన పెద్ద తరం ఉద్యోగాల నుంచి దిగిపోతోంది. కొరత ఉన్నంతమాత్రాన ఆర్థిక వ్యవస్థ పరుగులు తీస్తోందని చెప్పలేం. భారత నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి అక్కడికి పంపుతోంది. వెళ్లే నర్సులకు ఇది మంచి అవకాశం. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రులు నర్సుకు ఇచ్చే జీతం ఎందుకు పెరగదన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

సీట్లు ఒకవైపు, పనులు మరోవైపు

ఇంజినీరింగ్ విద్యలో జరిగినదీ ఇక్కడ చెప్పుకోవాలి. ఒక్కో బ్రాంచిలో సీట్లకు ఉన్న గరిష్ఠ పరిమితిని 2024-25లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, ఎత్తేసింది. తెలుగు రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలు కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సులవైపు పరుగెత్తాయి. ఐటీ కంపెనీలు నియామకాలు తగ్గించుకుంటున్న సమయమది. మెట్రోలు, రోడ్లు, ఫ్యాక్టరీలు కడుతున్న దేశంలో సివిల్, మెకానికల్ సీట్లు మిగిలిపోతున్నాయి. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. సైట్ ఇంజినీరుకు ఇచ్చే మొదటి జీతం, పని గంటలు చూసినవాళ్లెవరూ ఆ బ్రాంచి ఎంచుకోరు. ఇక్కడ కూడా ధరే సంకేతం ఇచ్చింది. పట్టభద్రుల్లో సగానికి పైగా తమ చదువుకంటే కింది స్థాయి పనుల్లో ఉన్నారని ఆర్థిక సర్వేనే లెక్కకట్టింది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనలేం. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని తెలంగాణ 2024 జూన్‌లో ప్రారంభించింది. దానికి అంచనా ఖర్చు 2,300 కోట్ల రూపాయలకు పైనే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది నైపుణ్య గణన చేపట్టాలని నిర్ణయించింది. మెషీన్లు కొనడం తేలికైన భాగం. వాటిని నడిపించే బోధకుడు పరిశ్రమలో అంతకంటే రెట్టింపు సంపాదించగలిగితే ఐటీఐలో ఎందుకుంటాడన్నది కష్టమైన భాగం. నైపుణ్య గణన కూడా సగం లెక్కే చెబుతుంది. ఎవరికి ఏ పని వచ్చో రాసుకున్నా, ఏ జిల్లాలో ఏ పనికి ఎన్ని ఖాళీలున్నాయో, ఎంత జీతానికో, ఎన్ని నెలలుగా భర్తీ కాలేదో చెప్పే సర్వే మన దేశంలో లేదు. 25 మందీ అంతకు మించీ ఉన్న ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాలని 1959 నాటి చట్టం చెప్పేది, పాటించినవాళ్లు అరుదు. అమెరికాలో ఖాళీలను నెలనెలా లెక్కిస్తారు కాబట్టే ఒక నిరుద్యోగికి రెండు ఖాళీలని చెప్పగలిగారు. ఇక్కడ కొరత ఎంతన్నది యజమాని నోటిమాటే.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇలా ఉంటుంది. ఉత్పత్తి, లాభాల వరకు దేశ ఆర్థిక వ్యవస్థ బలంగా ఉంది. పని దగ్గరికి వచ్చేసరికి అలా లేదు. నైపుణ్యాల కొరత కొన్ని ఇరుకైన చోట్ల నిజం: 6జీ వెల్డర్లు, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషీన్ సెట్ చేయగలిగినవాళ్లు, చిప్ డిజైన్ తెలిసినవాళ్లు. మిగతాచోట్ల ఆ మాట తక్కువ జీతానికీ, నేర్పడానికి ఇష్టపడని పద్ధతికీ మర్యాదైన పేరు అవుతోంది. రాబోయే సర్వేల్లో నిరుద్యోగ రేటు ఒక పాయింటు అటో ఇటో కదిలితే పట్టించుకోనక్కర్లేదు. వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 42 శాతం కిందికి దిగుతుందా, జీతగాళ్ల వాటా 23 శాతం దాటుతుందా, ధరలు తీసేశాక వాళ్ల ఆదాయం 2017-18 స్థాయిని దాటుతుందా అన్నవి చూడాలి. మూడూ ఒకేసారి జరిగిన ఏడాది, మనుషులు దొరకడం లేదని యజమానులు అంటే ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మవచ్చు.